ముందుగాల పట్టుడు నేర్చుకో

మిలిట్రీ నుంచి రిటైరై వచ్చినవాళ్లు మా ఊళ్లకు ఏం తెస్తారో అందరికీ తెలిసిందే. పేరు, నంబరు రాసిన నల్ల ట్రంకుపెట్టె, గరుకు కంబళి, క్యాంటీన్ రమ్ము, మాటకు ముందు 'అచ్ఛా' అనే అలవాటు. మా పెద్దబాపు వీటన్నిటితో పాటు కాన్వాస్ సంచిలో ఆరు కర్రలు కూడా తెచ్చాడు. ఒకటి తప్ప అన్నిటికీ ఇనుప మూతులే. మా బాపమ్మ ఒక కర్ర చేతిలోకి తీసుకుని, దాని వంకర మూతిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవేంటియిరా, పొయ్యిల కట్టెలు ఎగదోసేటియా?" అని అడిగింది.

1980ల చివరి సంగతి ఇది. హన్మకొండ నుంచి కరీంనగర్ రోడ్డు మీద హసన్‌పర్తి దాటాక లోపలికి పోతే మా ఊరు. మాకు తెలిసిన ఆటలు కబడ్డీ, వాలీబాల్, చిర్రగోనె, రేడియో పుణ్యమా అని క్రికెట్. గోల్ఫ్ అంటే ఇంగ్లిష్ పేపర్ చివరి పేజీలో టోపీ పెట్టుకున్న తెల్లవాళ్ల ఫోటో, అంతే.

పెద్దబాపు ఆఫీసర్ కాదు, హవల్దార్. నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్ కంటోన్మెంట్‌లో ఉన్నప్పుడు ఆయనకు గోల్ఫ్ కోర్సు చూసుకునే డ్యూటీ పడింది. పొద్దున గడ్డి కోసేవాళ్ల మీద అజమాయిషీ, ఆఫీసర్లు వెళ్లిపోయాక సాయంత్రం క్యాడీలతో, అంటే ఆటగాళ్ల సంచులు మోసేవాళ్లతో, ఆట. ఒక ముసలి క్యాడీ తనకు గురువని చెప్పేవాడు. కర్రలేమో బదిలీ మీద పోతూ ఒక ఆఫీసర్ ఇచ్చినవి. మూడు, అయిదు, ఏడు, తొమ్మిది నంబర్ల ఐరన్లు (ఇనుప మూతి కర్రలు), బంతిని గుంతలోకి దొర్లించే పట్టర్ ఒకటి, దూరం కొట్టడానికి చెక్క తలకాయ ఉన్న డ్రైవర్. ఆట నిబంధనల ప్రకారం సంచిలో 14 దాకా పెట్టుకోవచ్చు. పెద్దబాపు మాత్రం "ఏడో నంబర్ ఒక్కటుంటే సాలు, మిగిలినయి అమ్ముకున్నా ఏం గాదు" అనేవాడు.

ఎండాకాలం వచ్చి మా ఊరి చెరువు ఎండితే శికం భూమి అంతా నెర్రెలు బారిన మైదానం. చుట్టూ సర్కారు తుమ్మలు, ఓ పక్క తాళ్లు, మేకలు కాసే పిల్లలు. అదే మా గోల్ఫ్ కోర్సు. నేను, మా చిన్నబాపు కొడుకు, పక్కింటి పిల్లలు ఇద్దరు పొద్దు గూకేముందు అక్కడికి చేరేవాళ్లం. పెద్దబాపు తెల్ల బనీను, ఖాకీ నిక్కరు వేసుకుని, ఎడమ చేతికి చిరుగులు కుట్టిన తోలు గ్లౌజు తొడుక్కుని వచ్చేవాడు.

మొదటిరోజే మా తమ్ముడు, అదే చిన్నబాపు కొడుకు, అడిగాడు, "బాల్ ఏది పెద్దబాపూ?"

"ముందుగాల పట్టుడు నేర్చుకో. కొట్టుడు ఎట్లన్న వస్తది."

ఆ ఎండాకాలం సగం పట్టుతోనే గడిచింది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆయన వేళ్లు నా వేళ్లను ఒక్కొక్కటిగా సర్దడం తెలుస్తుంది. ఎడమ చేతిలో కర్ర అరచేతికి అడ్డంగా పడకూడదు, వేళ్ల మీద పడాలి. చూపుడు వేలి నడిమి కణుపు దగ్గర మొదలై చిటికెన వేలి మొదలు దాకా ఏటవాలుగా రావాలి. అరచేతి మడమ దాని మీద మూత పెట్టాలి. బొటనవేలు కర్ర నడిమిట్ల కాకుండా కాస్త కుడికి. అప్పుడు తల వంచి చూస్తే ఎడమ చేతి మెటికలు రెండు కనిపించాలి. ఒకటే కనిపిస్తే బంతి కుడికి పోతుంది, నాలుగూ కనిపిస్తే ఎడమకు మళ్లుతుంది. ఇక కుడి చేతి చిటికెన వేలు ఎడమ చేతి చూపుడు వేలికి, నడిమి వేలికి మధ్య ఉండే సందులో కూర్చోవాలి. దీన్ని వార్డన్ గ్రిప్ అంటారు. హ్యారీ వార్డన్ 1896 నుంచి 1914 మధ్య బ్రిటిష్ ఓపెన్ ఆరుసార్లు గెలిచినవాడు. ఈ పట్టు ఆయన కంటే ముందే ఉంది, లోకమంతా పాకింది మాత్రం ఆయన వల్ల. పెద్దబాపుకు ఈ చరిత్ర ఏమీ తెలియదు, పేరు తెలుసు, అంతే. మిగిలింది నేను చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను.

చెప్పినంత తేలిక కాదు అది. చిర్రగోనెతో పెరిగిన చేతులు మావి. గోనెను పిడికిలి బిగించి పట్టి, కుడి చేతి బలమంతా పెట్టి చిర్రను లేపి కొట్టడమే మాకు వచ్చు. గోల్ఫ్ కర్ర చేతికి రాగానే వేళ్లు వాటంతట అవే పాత పట్టుకు పోయేవి. పెద్దబాపు తిట్టేవాడు కాదు. కర్ర మూతి పట్టుకుని ఒక్క గుంజు గుంజేవాడు. ఊడి చేతికొస్తే "మరీ వదులు". రాకపోతే మా మోచేతి కింద నరాలు చూసి, అవి ఉబ్బి ఉంటే "మరీ బిగువు". రెండూ కాని పట్టు దొరికేదాకా ఇదే తంతు. ఇంటి దగ్గర కోసం తలా ఒక తుమ్మ కట్టె చెక్కి ఇచ్చాడు. రేడియోలో వార్తలు వింటూ దాన్ని పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం. అన్నం తింటుంటే కూడా వెనక నుంచి వచ్చి "ఏదీ, సూపియ్" అనేవాడు. ఎంగిలి చేత్తోనే చూపించేవాళ్లం.

పట్టు కుదిరిందనిపించాక నిలబడడం. నడుం దగ్గర కాదు, తుంటి దగ్గర వంగాలి. మోకాళ్లు కొంచెం సడలాలి. ఏడో నంబర్‌కైతే పాదాలు భుజాల వెడల్పు, బంతి రెండు పాదాల నడుమ. డ్రైవర్‌కైతే బంతి ఎడమ మడమకు ఎదురుగా. ఇందులో పెద్ద కష్టం లేదు కాబట్టి ఎక్కువ చెప్పను.

అసలు విద్య ముగ్గు డబ్బాతో మొదలైంది. బాపమ్మ చూడకుండా పెద్దబాపే డబ్బా ఎత్తుకొచ్చాడు. శికంలో చదునైన చోట ముగ్గుతో అడ్డంగా ఒక గీత గీసి, దాన్ని రెండు పాదాల మధ్య పెట్టుకుని నిలబడమన్నాడు. బంతి లేదు. కర్ర ఊపు, అది నేలను ఎక్కడ గీరిందో చూడు. అందరికీ గీతకు ఇవతలే, అంటే కుడి పాదం వైపే, దుమ్ము లేచింది. ఒకరిది జానెడు ఇవతల, ఒకరిది బెత్తెడు ఇవతల. "గీత దాటినంక గీరాలె. ముందుగాల బంతి, ఎనుక నేల" అన్నాడు. అంటే ఐరన్‌తో కొట్టేటప్పుడు కర్ర ఇంకా కిందికి దిగుతుండగానే బంతికి తగలాలి, ఆ తర్వాతే మట్టిని తాకాలి.

ఇది బుర్రకు ఎక్కడానికి మాకు చాలాకాలం పట్టింది. బంతి పైకి లేవాలంటే కింది నుంచి ఎగదోయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అట్లా అనిపించినప్పుడు ఒంటి బరువు కుడి కాలి మీదే ఆగిపోతుంది, కర్ర బంతికి ముందే నేలలో దిగుతుంది, లేదా పైకి లేస్తూ బంతి నెత్తిన తగులుతుంది. ఆ కాలపు ఏడో నంబర్ ఐరన్ మూతి సుమారు 36 నుంచి 38 డిగ్రీల వాలుతో ఉండేది. బంతిని లేపే పని ఆ వాలుది, మనది కాదు. మన పని బరువును ఎడమ కాలి మీదికి తెచ్చి, కర్రను దాని దారిన దిగనివ్వడం. పెద్దబాపు డిగ్రీలు చెప్పలేదు. "లేపుడు కర్ర సూసుకుంటది, నువ్వు దించు" అన్నాడు. ముగ్గు గీతలు చెరిగిపోవడం, మళ్లీ గీయడం. ఇంటికెళ్తే కాళ్లకు ముగ్గు, బాపమ్మ చేతిలో చీపురు.

చెరువు గట్టు మీదికి పొద్దు వాలాక ఇంకో పాఠం. పొద్దు మా వీపు మీద పడేట్టు నిలబెట్టి, మా ముందు పడే నీడలో తల ఎక్కడుందో అక్కడ ఒక గులకరాయి పెట్టేవాడు. ఊపు మొదలుపెట్టిన దగ్గర్నుంచి నీడ తల ఆ రాయి మీద నుంచి పక్కకు జారకూడదు. నా నీడ తల ప్రతిసారీ కుడికి పోయేది. నేనేమో కదలలేదని ఒట్టు పెట్టుకునేవాణ్ని. "నీ మాట ఎవడు అడిగిండు, నీడను అడుగు" అనేవాడు.

గోల్ఫ్ నేర్చుకోవడంలో పెద్ద చిక్కు ఇక్కడే ఉందని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తుంది. కర్ర వెనక్కి పోవడానికి ముప్పావు సెకను, కిందికి రావడానికి పావు సెకను. కర్ర మూతి, బంతి ఒకదాన్నొకటి తాకి ఉండేది సెకనులో రెండువేలవ వంతు మాత్రమే. అంతలో ఏం జరిగిందో చేసినవాడికి తెలియదు. చేశాననుకున్నది మాత్రం తెలుస్తుంది, అది నూటికి తొంభైసార్లు తప్పు. పరుగుపందెంలో, ఈతలో కొంతవరకు ఒంటి బలం, చూసి నేర్చుకునే తెలివి సరిపోతాయి. మా ఊరి బావిలో ఈత నాకు ఎవరూ పాఠం చెప్పి నేర్పలేదు, నడుముకు బెండు కట్టి తోశారు. గోల్ఫ్‌లో ఆ పప్పులుడకవు. తోసేస్తే మునగడం ఖాయం, పైగా మునుగుతున్నట్టు కూడా తెలియదు.

చివరికి ఒకనాడు బంతులు బయటికొచ్చాయి. వెల్లింగ్టన్‌లో పొదల్లో ఏరుకున్న పాతవి. కొన్నిటికి పైతొడుగు కోసుకుపోయి నోరు తెరిచినట్టుండేవి. నియమం ప్రకారం బంతి బరువు 45.93 గ్రాములు దాటకూడదు, అడ్డకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అరచేతిలో పెట్టుకుంటే ఇంత చిన్నదాని కోసమా ఇన్నాళ్లు అనిపించింది. నా మొదటి దెబ్బలన్నీ మట్టిపెళ్లలు లేపాయి. వాటి మధ్యలో ఒకటి సరిగ్గా తగిలింది. చేతులకు ఏమీ తెలియలేదు. మామూలుగా తప్పు దెబ్బకు వేళ్లు జివ్వుమంటాయి. ఇది అట్లా కాదు, గాలిలో ఊపినట్టే ఉంది, 'టక్' మని సన్నటి చప్పుడు, తల ఎత్తేసరికి బంతి తాళ్ల మీదుగా పోతోంది. దాన్ని మేకల పిల్లలు వెతికి తెచ్చారు. బంతికో బిస్కెట్ పొట్లం వాళ్ల రేటు. సర్కారు తుమ్మల్లో పడినదానికి రెండు పొట్లాలు, న్యాయమే.

తర్వాత నాకు కొత్త రోగం పట్టింది. బంతి తిన్నగా లేచి సగం దూరం పోయాక కుడికి మళ్లేది. స్లైస్ అంటారు, గోల్ఫ్ మొదలుపెట్టినవాళ్లలో దాదాపు అందరికీ వచ్చేదే. పెద్దబాపు రెండు కారణాలు చెప్పాడు. కర్ర ఊగే దారిని బట్టి బంతి బయలుదేరుతుంది, కర్ర మూతి ఎటు చూస్తే చివరికి అటు వంగుతుంది అన్నాడు. అప్పటి పాఠాలన్నీ అట్లనే చెప్పేవి. రాడార్లతో బంతి పోకడ కొలవడం మొదలయ్యాక ఆ మాట తిరగబడింది. బంతి బయలుదేరే దిక్కును ఎక్కువ భాగం నిర్ణయించేది తగిలిన క్షణంలో కర్ర మూతి చూసే దిక్కే. దారికి, మూతికి మధ్య తేడా వల్ల బంతి పక్కకు తిరిగి వంగుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక కోచ్ తెర మీద అంకెలతో ఇదంతా చూపించాడు.

అయితే పెద్దబాపు లెక్క తప్పైనా మందు సరైనదే ఇచ్చాడు. కారణం ఇదీ అదీ అని చెబుతూనే నా ఎడమ చెయ్యి చూసి, "మెటిక ఒక్కటే కనబడుతుంది, మళ్ల అరచేతుల్లకి పోయినవ్" అని పట్టు సర్దాడు. మూతి తిన్నగా వచ్చింది, బంతి కూడా తిన్నగా పోయింది. తప్పు సిద్ధాంతం, ఒప్పు చూపు. చూపే ముఖ్యమని నేనంటాను. అంకెల కోచ్ దగ్గర డబ్బు పోసి నేర్చుకున్నదాన్ని తక్కువ చేయడం లేదు, కానీ ఆయన కూడా చివరికి వచ్చి ఆగింది నా ఎడమ చేతి దగ్గరే.

పెద్దబాపు సాధన పద్ధతి కూడా ప్రత్యేకమే. మొదటి కాసేపు ఒకే కర్ర, ఒకే గురి, ఊపు ఒంటికి పట్టేదాకా. ఆ తర్వాత వరుసగా రెండు దెబ్బలు ఒకే చోటికి కొట్టనిచ్చేవాడు కాదు. ఒకటి తాళ్ల వైపు ఏడుతో, తర్వాతిది గట్టు కింద బండ దగ్గరికి తొమ్మిదితో, ఆ తర్వాత అయిదుతో తూము దాకా. "ఆటల బంతి ఒక్కతాన్నే పడతదా?" అనేవాడు. మాకేమో ఒకే చోటికి కొడుతూ ఉంటే బాగా వస్తున్నట్టుండేది, మార్చగానే చెడిపోయేది. చిరాకుపడేవాళ్లం. నేర్చుకోవడం గురించి పరిశోధన చేసినవాళ్లు ఇప్పుడు అదే మాట చెబుతున్నారు. మార్చి మార్చి చేసే సాధన అప్పటికి గజిబిజిగా ఉన్నా ఎక్కువకాలం నిలుస్తుందట.

ఇక పటింగ్, అంటే బంతిని గుంతలోకి దొర్లించడం. వెల్లింగ్టన్‌లో పచ్చటి గడ్డి ఉంటుంది, మాకెక్కడిది? ఎండ ప్రాంతాల కంటోన్మెంట్లలో గుంత చుట్టూ ఉండే గడ్డి జాగా, అంటే గ్రీన్, బదులు బ్రౌన్ చేస్తారని పెద్దబాపుకు తెలుసు. సన్న ఇసుకను నూనెతో తడిపి చదును చేసిన గుండ్రటి జాగా అది. వాగు ఇసుక జల్లెడ పట్టి, హసన్‌పర్తిలో ట్రాక్టర్ మెకానిక్ దగ్గర కాలిన ఇంజన్ ఆయిల్ అడిగి తెచ్చి, మా పెరట్లోనే చేశాడు. ఇల్లంతా గ్యారేజీ వాసన. పెద్దమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. గుంత అడ్డకొలత 108 మిల్లీమీటర్లు ఉండాలి కాబట్టి ఖాళీ పాలపొడి డబ్బా పాతాడు, కొలతకు కాస్త తక్కువే. "చిన్నదాంట్ల ఏస్తే పెద్దదాంట్ల అదే పడతది" అన్నాడు. ఒకరు ఆడాక ఇసుక మీద గోనెసంచి లాగి అడుగుజాడలు చెరిపితేనే ఇంకొకరు ఆడాలి.

పటింగ్ అంటే పిల్లలాట అనుకుంటారు చాలామంది. పార్, అంటే మంచి ఆటగాడికి పట్టాల్సిన దెబ్బల లెక్క, 72 ఉన్న కోర్సులో 18 గుంతలకు రెండేసి చొప్పున 36 పటింగ్ దెబ్బలు అందులోనే కలిపి ఉంటాయి, అంటే సగం ఆట. పెద్దబాపు ఇసుకలో రెండు మేకులు గుచ్చి వాటి మధ్యలో నుంచి పట్టర్ తల తగలకుండా పోవాలనేవాడు. తర్వాత మూడు చోట్ల నూలు దారాలు పరిచి, బంతి వాటి మధ్యలోనే ఆగాలనేవాడు, గుంతలో పడకూడదు. నాకిది పరమ విసుగు. మా తమ్ముడు మాత్రం బువ్వకు పిలిచినా కదిలేవాడు కాదు.

1991లో ఢిల్లీలో అలీ షేర్ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ ట్రోఫీ నెగ్గిన మొదటి భారతీయ ప్రొఫెషనల్. క్యాడీగా మొదలైనవాడు. అంతకుముందు 1965లో పి.జి. సేఠీ గెలిచాడు గానీ ఆయన అమెచ్యూర్, అంటే డబ్బు కోసం ఆడనివాడు. పేపర్లో అలీ షేర్ వార్త చూసి పెద్దబాపు హన్మకొండ చౌరస్తాలో నిలబడి మిఠాయి పంచినంత పని చేశాడు. "క్యాడీలు కొట్టినన్ని బంతులు ఆఫీసర్లు ఏడ కొడతరు" అన్నాడు. ఆయన సంతోషం నాకు అప్పుడు సగమే అర్థమైంది. ఆఫీసర్ల సంచీ మోస్తూ, వాళ్లు పోయాక ఆడుకున్న మనిషి ఆయన.

హైదరాబాద్‌లో నయా ఖిలా దగ్గర, గోల్కొండ కోట గోడల మధ్య ఏనుగుల చెట్టు అనే ఆ పెద్ద బావోబాబ్ చెట్టు ఉన్న కోర్సులో మొదటిసారి గడ్డి మీద ఆడినప్పుడు పాదాలు మెత్తగా దిగుతుంటే ఇబ్బందిగా అనిపించింది. శికం నేల నయం. గట్టి నేల మీద తప్పు కొడితే చేతులు చెబుతాయి, మెత్తటి గడ్డి తప్పును కప్పేస్తుంది.

2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ మహిళల గోల్ఫ్ చివరి రోజు పొద్దున్నే ఇల్లిల్లూ గోల్ఫ్ చూసింది, గుర్తుందా? అదితి అశోక్ పతకం అంచు దాకా వెళ్లి నాలుగో స్థానంలో ఆగింది. సంచీ మోసింది వాళ్లమ్మే. మా హన్మకొండ ఇంట్లో కూడా బంధువులంతా టీవీ ముందు చేరి నన్ను ప్రశ్నలతో చంపారు. బర్డీ అంటే ఏంది, ఈ అమ్మాయి అంత దూరం కొడతలేదు గదా, మరి పైన ఎట్లుంది? నిజమే, దూరంలో ఆమె చాలామంది కంటే వెనక. పటింగ్‌తో నిలబడింది. మా తమ్ముడు సోఫా మీద నుంచి లేచి, "సూశినవా అన్నా, మేకులు, దారాలు" అన్నాడు.

ఇప్పుడు మా బంధువుల పిల్లలు ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంటామంటున్నారు. స్లో మోషన్‌లో తమ ఊపు తామే చూసుకుంటారు. మంచిదే, నీడ కంటే ఫోన్ ఎక్కువే చూపిస్తుంది. కానీ తప్పులు పది కనిపిస్తే ఏది ముందు దిద్దాలో ఫోన్ చెప్పదు. నులక చిక్కుపడ్డప్పుడు తెలిసినవాడు ఒక్క పోగు లాగితే విడిపోతుంది, తెలియనివాడు లాగిన ప్రతి పోగుకూ ఇంకింత బిగుస్తుంది. పది వీడియోలు చూసినవాడి గతి అదే.

మా తమ్ముడు ఇప్పుడు పరకాల దగ్గర ప్రభుత్వ బడిలో పీఈటీ. పిల్లలకు వాలీబాల్, ఖోఖో నేర్పుతాడు. ఈ విషయంలో వాడికీ నాకూ ఎప్పుడూ తగువే. బంతి ఇవ్వకుండా అన్ని రోజులు పట్టు నేర్పడం తప్పంటాడు వాడు.

"పెద్దబాపుకు మనం ఎండాకాలమంత దొరికినం. నాకు వారానికి రెండు పీరియడ్లు, అండ్ల ఒకటి లెక్కల సారు గుంజుకుంటడు. పట్టు, నిలబడుడు అనుకుంట కూసుంటే పోరగాండ్లు మళ్ల రారు. మొదటిరోజే బాల్ ఇస్త. తప్పు కొట్టి, కొట్టి, యాష్టకొచ్చి వాళ్లే అడుగుతరు, సార్ ఎట్ల అని. అప్పుడు చెప్త."

"అప్పటికి తప్పు చేతికి పట్టేస్తది గదరా" అంటాను నేను.

"అన్నా, పెద్దబాపు మధ్యాహ్నం పండుకున్నంక నేను దొంగతనంగ బాల్‌లు కొట్టొచ్చేటోన్ని. నువ్వు కొట్టలే. ఇద్దర్ల ఎవని ఆట మంచిగున్నది, నువ్వే చెప్పు."

వాడి ఆటే బాగుంటుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ దొంగ దెబ్బలు కొట్టిన రోజుల్లో కూడా వాడి ఎడమ చేతికి మెటికలు రెండే కనిపించేవి. ఆ సంగతి ఎత్తితే మాట మార్చి, లెక్కల సారు మీద పడతాడు.